గేటు వేసేయండి

మా వీధిలో ఎవరింట్లో కుళాయి కారినా, సింకు పూడుకుపోయినా, గీజరు గుర్రుమన్నా వాషరాయన్నే పిలుస్తారు. మా ఇంట్లో తప్ప. పక్కింట్లో అతని సుత్తి చప్పుడు వినిపించిందంటే మా అక్క లేచి కిటికీ రెక్కలు మూసేస్తుంది. నాకు మాత్రం ఆ చప్పుడు వింటే ప్రాణం ఉసూరుమంటుంది. కోపం లేదనుకునేరు, బోలెడంత ఉంది. కోపం వేరు, ఉసూరుమనడం వేరు.

అతని అసలు పేరు వీధిలో ఎవరూ వాడరు. ఏం చెడిపోయిందని పిలిచినా అతని నోట మొదట వచ్చే మాట "వాషరు పోయుంటుందండీ." కుళాయి కారితే వాషరు. గోడ చెమ్మగిల్లితే వాషరు. ఒకసారి మా ఫ్యాను కిర్రుకిర్రుమంటుంటే తలెత్తి చూసి, "దీనిక్కూడా వాషరే అయ్యుంటుంది" అన్నాడు. ఆ రోజే అక్క అతనికి వాషరాయన అని పేరు పెట్టింది, వీధి వీధంతా అందుకుంది. అతనేం నొచ్చుకోలేదు. ఫోనెత్తి తనే "వాషరాయన్నండీ, చెప్పండి" అనేవాడు.

మా ఇంట్లో ఉండేది నేనూ అక్కా, ఇద్దరమే. ఆమె పెళ్లి చేసుకోలేదు, నాది నిలవలేదు. ముందు గదిలో మిషను పెట్టుకుని అక్క బట్టలు కుడుతుంది. నేను బజార్లో ఒక కళ్లజోళ్ల కొట్టులో పనిచేస్తాను. ఇద్దరు ఆడవాళ్లున్న ఇల్లంటే ప్లంబర్లకి ఎంత లోకువో వాషరాయన దొరికేదాకా అనుభవించాం. మొదట వచ్చినవాడు వేళ్లతో గోడ మీద టకటకా కొట్టి చూసి, "మొత్తం పగలగొట్టాలమ్మా" అన్నాడు. మేం పిలిచింది సింకులో నీళ్లు దిగడం లేదని. రెండోవాడు ఎప్పుడు ఫోన్ చేసినా "దారిలో ఉన్నానండీ" అనేవాడు. ఆ దారి ఏ దేశం మీదుగా వస్తోందో గానీ మా ఇంటిదాకా రాలేదు. చివరికి పైపుల కొట్టాయన జాలిపడి ఇతన్ని పంపించాడు.

వచ్చీ రాగానే చెప్పులు బయట విడిచి, సింకు కింద వెల్లకిలా పడుకుని, చెయ్యి బయటికి చాపి "ఒక గిన్నె ఇవ్వండి" అన్నాడు. వంకర పైపు విప్పి గిన్నెలో దులిపాడు. బొత్తాలు, దారప్పోగులు, హుక్కులు, విరిగిన సూది. "అక్కగారూ, మీ కొట్టు సగం ఇక్కడే నడుస్తోందండీ" అన్నాడు. అక్క పగలబడి నవ్వింది. అంతే, ఆ పూట నుంచి అతను మా ఇంటి మనిషైపోయాడు.

నిజం చెప్పాలంటే మంచి పనివాడు. దాచుకోకుండా నేర్పేవాడు కూడా. ఫ్లష్ ట్యాంకులో నీళ్లు ఆగకుండా పోతుంటే లోపలి బుడగని కాస్త కిందికి వంచితే చాలని, షవరు సన్నగా వస్తుంటే విప్పి వెనిగర్లో నానబెట్టాలని, తెల్ల టేపు మరలు తిరిగే వైపే చుట్టాలి గానీ ఎదురు చుట్టకూడదని మా చేత చేయించి చూపించాడు. "ఇంత దానికి నన్ను పిలవకండి, ఫోన్ చెయ్యండి, చెప్తాను" అనేవాడు. ఫోన్లో చెప్పి పని చేయించడం అతనికి పెద్ద గొప్ప. ఎవరి డాబా మీదో ట్యాంకులో చెయ్యి పెట్టి, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, ఇంకెవరింట్లోనో గీజరు బాగు చేయించేవాడు. అక్క అతనికి గుడారాల గుడ్డతో ఒక సంచి కుట్టి ఇచ్చింది. రెంచీకొక అర, సుత్తికొక అర, టేపుకొకటి, వాషర్లకి మూతతో ఒకటి. ఆ సంచి భుజాన వేసుకుని తిరిగేటప్పుడు అతని నడకే మారిపోయేది.

ఇక మా అక్క సంగతి. ఆమె కొలతలు రాసుకోదు. టేపు ఒకసారి పట్టిందంటే ఆ మనిషి భుజం, చెయ్యి, నడుము తలలో ఉండిపోతాయి. ఏళ్ల తర్వాత వచ్చినా "నీ ఎడమ భుజం కాస్త దిగుడు కదమ్మా" అంటుంది. ఆ తలంటే ఆమెకెంత గర్వమో, ఆ తల గురించి అంత భయం కూడా. ఎందుకంటే మా అమ్మ చివరి ఏళ్లలో మతి తప్పింది. చెప్పులు తీసుకెళ్లి ఫ్రిజ్‌లో పెట్టేది. పొద్దున్నే స్నానం చేయించి తల దువ్వుతున్న అక్కని పట్టుకుని "నువ్వెవరింటి అమ్మాయివి?" అని అడిగేది. స్టవ్వు వెలిగించి మర్చిపోయి, గిన్నె మాడి, అందరం పరిగెత్తుకొస్తే అమ్మ బిక్కచచ్చిపోయి నిలబడేది. అప్పుడు అక్క "నువ్వు కాదులేమ్మా, నేనే వెలిగించి మర్చిపోయాను" అనేది. నేను "అవునమ్మా, నేను చూశాను" అని తాళం వేసేదాన్ని. ఆ అబద్ధాల్లో మేమిద్దరం ఆరితేరిపోయాం.

ఆ రోజు మధ్యాహ్నం నేను కొట్టులో ఉన్నాను. ఒక ముసలాయనకి అద్దాలు మార్చి అక్షరాలు చదివిస్తుంటే వాషరాయన దగ్గర్నుంచి ఫోన్. "చిన్నక్కగారూ, ఆసుపత్రికి వచ్చెయ్యండి. అక్కగారికి ఏం కాలేదు. వచ్చెయ్యండి." ఏం కాలేదన్నవాడు వచ్చెయ్యమంటే ఏదో అయిందనేగా. ఆ ముసలాయన్ని అద్దాలతోనే వదిలేసి పరిగెత్తాను.

జరిగింది ఇది. వంటింట్లో సింకు కింద పైపు జాయింటు ఊడిపోయి నీళ్లు ఎగజిమ్మాయి. అక్క కంగారుగా వాషరాయనకి ఫోన్ చేసింది. అతను పనిలో ఉండి ఏం చెయ్యాలో చెప్పి, చేస్తున్న పని వదిలేసి బయల్దేరాడు. వచ్చేసరికి మా వీధి గేటు మూసి ఉంది, లోపలి నుంచి తాళం. గేటు కింద నుంచి నీళ్లు రోడ్డు మీదికి పారుతున్నాయి. పిలిస్తే పలుకు లేదు. గోడ దూకి లోపలికి వెళ్తే వంటింట్లో నీళ్లలో పడి ఉంది అక్క, కాలు జారి అల్మరా అంచు తలకి తగిలి స్పృహ లేకుండా. అతనే వెనక పక్క వాల్వు కట్టి, మేకుకున్న తాళంచెవి తీసి గేటు తెరిచి, పక్కింటివాళ్లని కేకేసి ఆసుపత్రికి చేర్చాడు.

తలకి కుట్లు పడ్డాయి. లోపలేమీ దెబ్బ లేదని డాక్టరమ్మ చెప్పింది. పడే ముందు జరిగిందేదీ అక్కకి గుర్తు లేదు. పైపు ఊడటం గుర్తుంది, ఫోన్ చెయ్యడం గుర్తు లేదు. గేటుకి తాళం వెయ్యడం అసలే గుర్తు లేదు. తలకి దెబ్బ తగిలితే అలా ఉండటం మామూలేనని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. ఆ 'మామూలే' అన్న మాట మావాళ్ల చెవికెక్కలేదు. చెవికెక్కిందల్లా గేటు.

మావాళ్లంటే మా అన్నయ్యా వదినా. ఊళ్లోనే వేరే పేటలో ఉంటారు. వదిన మంచంపక్కన నిలబడి, అక్క నిద్రపోతోందనుకుని, "ఇల్లంతా నీళ్లు పోతుంటే ఎవరైనా వెళ్లి వీధి గేటుకి తాళం వేసుకుంటారా? మీ అమ్మగారికీ ఇలాగే మొదలైంది" అంది. అక్క కళ్లు తెరవలేదు గానీ దుప్పటి మీదున్న ఆమె చెయ్యి బిగుసుకోవడం నేను చూశాను. నాకు ఒళ్లు మండిపోయింది. కానీ ఏమని వాదించను? నాకూ అర్థం కాలేదుగా, గేటెందుకు వేసిందో.

బయట వరండాలో వాషరాయన్ని అడిగాను. "ఫోన్లో నువ్వేం చెప్పావయ్యా?"

అతను నేల చూపులు చూస్తూ, "వాల్వు కట్టెయ్యమన్నానండీ" అన్నాడు.

అది అబద్ధమా కాదా అన్నది ఇవాళ్టికీ తేల్చుకోలేను. కానీ ఆ మాటతో అక్క మీద ఉన్న చిన్న అనుమానం కాస్తా ఖాయమైపోయింది. వాల్వు కట్టమంటే వెళ్లి గేటుకి తాళం వేసుకొచ్చిన మనిషి. అన్నయ్య మాత్రం వాషరాయన భుజం తట్టి, "నువ్వు దేవుడిలా వచ్చావయ్యా, లేకపోతే మా చెల్లెలు దక్కేది కాదు" అన్నాడు. అతను ఆ చెయ్యి కింద ఇంకా ముడుచుకుపోయాడు. నేనది వినయమనుకున్నాను.

ఇంటికొచ్చాక అక్క అక్కలా లేదు. టేపు పట్టిన మనిషికే మళ్లీ పట్టేది. "ఇందాకా చూశావుగా అక్కా" అని వాళ్లంటే ముఖం తెల్లబోయేది. గదిలోంచి గదిలోకి వచ్చి గుమ్మంలో ఆగి, తనెందుకొచ్చిందో తనకి గుర్తుందా లేదా అని తన్ను తాను పరీక్షించుకునేది. అలా పరీక్షించుకుంటే ఎవరికి మాత్రం గుర్తుంటుంది? ఒక స్కూలు చొక్కాకి రెండూ ఎడమ చేతులే కత్తిరించింది. భయంతో కత్తెర పడితే అంతే. కానీ అక్క ఆ రెండు ముక్కలనీ పక్కపక్కన పరిచి చాలాసేపు చూసింది. తర్వాత మిషను మీద దుప్పటి కప్పేసింది.

"అమ్మక్కూడా ముందు ఇలాంటివే కదే" అంది నాతో. ఏడవకుండా అంది. ఏడిస్తే బావుండేది.

అన్నయ్య నిర్ణయం చెప్పడానికొచ్చాడు. నేను పొద్దున పోతే సాయంత్రం గానీ రాను, అక్కని ఒంటరిగా వదలడానికి లేదు. వాళ్లింట్లో వెనక గది ఖాళీగా ఉంది, అక్కడ ఉంటుంది. ముందు గది కొట్టు ఎత్తేద్దాం. మిషను ఎవరికైనా ఇచ్చేద్దాం. కత్తెర్లూ సూదులూ ఇక ఆమె చేతికి ఇవ్వకపోవడమే మంచిది. ఆదివారం తనే బండి తెస్తాడట. ఇదంతా అక్క ముందే, ఆమె గోడ బొమ్మయినట్టు చెప్పాడు. అక్క "సరే" అంది. అప్పుడు భయం పట్టుకుంది నాకు. మా అక్క జన్మలో దేనికీ అంత తొందరగా సరే అన్న మనిషి కాదు.

ఆ వారమంతా సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాను. అక్క ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాటి నుంచే వాషరాయన పిలవకుండా వస్తున్నాడు. "ఇటు వెళ్తూ ఆగానండీ" అనేవాడు. బాగానే ఉన్న కుళాయిల్ని బిగించేవాడు. కారని చోట టేపు చుట్టేవాడు. అక్క తనే టీ పెట్టి ఇచ్చి, "నువ్వు లేకపోతే నేను ఆ నీళ్లలోనే పోయేదాన్ని కదయ్యా" అనేది. అతను గ్లాసు సగంలో కింద పెట్టేసేవాడు. టీలో చక్కెర తక్కువైందేమోనని అక్క హడలిపోయేది, అదీ తన మరుపే అనుకుని.

శుక్రవారం పొద్దున అతను స్నానాలగదిలో ఏదో విప్పుతున్నాడు. నేను టీ తీసుకెళ్తున్నాను. అతని ఫోన్ మోగింది. ఎవరింట్లోనో పైపు పగిలినట్టుంది. ఎప్పటిలాగే ఫోను భుజానికి ఇరికించుకుని మొదలుపెట్టాడు.

"కంగారు పడకండి బాబూ. ముందు గే..." అని ఆగిపోయాడు. "మెట్ల కింద ఇత్తడి చక్రం ఉంటుంది. చక్రం. ఎర్ర రంగేసి, గుండ్రంగా. దాన్ని కుడివైపు తిప్పండి. ఆఁ, దాన్నే గేటంటారు, కానీ మీరు గేటనకండి. ఇంట్లో ఎవరితోనూ అనకండి. వీధి గేటు జోలికి అసలు వెళ్లకండి, అది బార్లా తెరిచి ఉంచండి. వింటున్నారా? చక్రం తిప్పండి, వీధి గేటు తెరిచి ఉంచండి."

నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. టీ నా వేళ్ల మీద ఒలికింది, కాలుతోందని కూడా తెలీలేదు. వాషరాయన ఇన్నేళ్లలో వాల్వుని ఎప్పుడైనా వాల్వు అన్నాడా? గేటు వాల్వులో వాల్వు ఎప్పుడో రాలిపోయింది వాళ్ల నోట్లో. పైపుల కొట్లో అడిగేటప్పుడూ గేటే, తనలో తాను గొణుక్కునేటప్పుడూ గేటే. "గేటు వేసి వస్తానండీ" అని పెరట్లోకి వెళ్లడం నేను ఎన్నిసార్లు వినలేదు! వింటూ వింటూ నాకు అలవాటైపోయింది. అతను వాల్వు అన్నది నాతో ఒక్కసారే, ఆసుపత్రి వరండాలో.

"ఆ రోజు నువ్వు అక్కతో ఏమన్నావు?" అని అడిగాను.

అతను తిరిగి చూశాడు. నా ముఖం చూడగానే చేతిలో రెంచీ కింద పెట్టేశాడు. బోర్లించిన బకెట్టు మీద కూలబడ్డాడు.

"గేటు వేసెయ్యండన్నానండీ. గట్టిగా వెయ్యండి, వదులుగా వదలకండి అన్నాను. వేసొచ్చి, వేశానయ్యా అన్నారు."

"అయితే నీకెప్పుడు తెలిసింది?"

"గోడ దూకుతున్నప్పుడేనండీ. తాళం చూడగానే తెలిసిపోయింది."

నేను గట్టిగా అరవాలనుకున్నాను. పక్క గదిలో అక్క ఉంది. అరవలేక, పళ్ల బిగువున, నోటికొచ్చినవన్నీ అన్నాను. మనిషన్నవాడివేనా అన్నాను. ఆమె టీ నీ గొంతులో ఎలా దిగిందన్నాను. అతను కాదనలేదు.

"ఆసుపత్రిలోనే చెబ్దామనుకున్నానండీ. ఈలోగా అందరూ కాపాడావయ్యా, కాపాడావయ్యా అంటుంటే నోరు పెగల్లేదు. మర్నాడు చెబ్దామనుకున్నాను. మర్నాడు మీ అన్నయ్యగారు నన్ను పట్టుకుని వీధిలో పదిమందికీ చూపించారు. ఇప్పుడు చెప్తే ఎలాగండీ? ఫోన్లో మాట చెప్పి మనిషిని పడేశాడంటే నన్ను ఏ గుమ్మం తొక్కనిస్తారు? అక్కగారికి ఎలాగూ తగ్గిపోతుందనుకున్నాను."

"తగ్గడానికి ఆమెకి జబ్బేముందయ్యా!" అన్నాను. ఏడుపొచ్చేసింది నాకు. చెయ్యి పట్టుకుని లాక్కెళ్లినట్టే అక్క ముందుకి లాక్కెళ్లాను.

అతను చెప్పాడు. తడబడుతూ, రెండుసార్లు మొదలుపెట్టి, మొత్తం చెప్పాడు. నేను పక్కన నిలబడి "అవునక్కా, గేటంటే వాళ్ల భాషలో వాల్వు, అతను చెప్పినట్టే నువ్వు చేశావు, నీ తలకేం కాలేదు" అన్నాను. అక్క మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆమె ముఖం వెలుగుతుందని ఎదురుచూశాను. అది మెత్తబడింది, చిన్నపిల్లల అబద్ధానికి పెద్దవాళ్లు మెత్తబడ్డట్టు.

"బాగా కుట్టారు ఇద్దరూ" అంది. "నా దగ్గరే కుట్టుపనా?"

"కుట్టడం కాదక్కా, నిజం!"

"నువ్వు కాదులేమ్మా, స్టవ్వు నేనే వెలిగించాను. అవునమ్మా, నేను చూశాను." అక్క నా చెంప నిమిరింది. "ఈ పాట నేనే నీకు నేర్పానే. నాకే పాడతావా?" వాషరాయనతో, "నీది మంచి మనసయ్యా. కానీ నా కోసం నీ పేరు పాడుచేసుకోకు" అంది.

అతను వెళ్లిపోయాడు. నేను పెరట్లోకి వెళ్లి కూర్చున్నాను. నిజం చెప్పినా నమ్మకపోతే ఏం చేస్తాం? అమ్మని నమ్మించడానికి మేం నేర్చుకున్న విద్యే మా మెడకే ఇలా చుట్టుకుంటుందని కలగన్నామా? చెప్పి లాభం లేదు. ఆమె తన కళ్లతో చూడాలి. ఎదురుగా, ప్రహరీగోడ పక్కన ఆ దిక్కుమాలిన ఇత్తడి చక్రం నన్నే చూస్తోంది. శనివారం పొద్దున్నే వాషరాయనకి ఫోన్ చేశాను. "ఆదివారం రా. నేను చెప్పిన చోట నిలబడి, నేను చెప్పిన మాట అను. ఇంకేం అడక్కు" అన్నాను. అతను అడగలేదు.

ఆదివారం అన్నయ్య బండి తెచ్చాడు. వదిన వస్తూనే మిషను చుట్టూ తిరిగి, దీన్ని గుమ్మంలోంచి ఎలా దాటించాలా అని చూస్తోంది. అక్క కిటికీ పక్క కుర్చీలో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. రెండు చీరలూ దువ్వెనా ఉన్న సంచి ఆమె కాళ్ల దగ్గరుంది. ఆ కిటికీలోంచి చూస్తే ఇటు పెరటి దారీ, చక్రమూ, అటు వీధి గేటూ రెండూ కనిపిస్తాయి. ఆ కుర్చీ అక్కడ వేసింది నేనే.

వాషరాయన వంటింట్లో సింకు కింద దూరాడు. నేను అన్నయ్యకి మంచినీళ్లిస్తూ అక్కడే ఉన్నాను. ఉన్నట్టుండి లోపల బుస్సుమని చప్పుడైంది, నీళ్లు గచ్చు మీద పడుతున్నాయి.

"అమ్మా! పైపు ఊడిపోయిందండీ!" లోపల్నుంచి కేక. "గేటు వేసెయ్యండి! ఎవరైనా తొందరగా గేటు వెయ్యండి! గట్టిగా వెయ్యండి!"

వదిన గుమ్మానికి దగ్గరగా ఉంది. చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని ఒక్క పరుగు తీసింది. పెరటి దారిలో చక్రం కనిపిస్తూనే ఉంది, దాని వంక చూడనైనా లేదు. వీధి గేటు రెండు రెక్కలూ దబాలున మూసి, గొళ్లెం పెట్టి, అది ఊగకుండా చేత్తో పట్టుకుని, "వేశానయ్యా! గట్టిగానే వేశాను!" అని అరిచింది.

నేను వెళ్లి చక్రం తిప్పాను. నీళ్లు ఆగాయి.

అన్నయ్య విసుక్కున్నాడు. "నీళ్లు పోతుంటే వెళ్లి గేటెందుకు వేశావు?"

"నన్నంటారేంటి?" వదిన ఆయాసపడుతూ వచ్చింది. "అతనే కదా వెయ్యమన్నాడు!"

ఆ మాట అనేశాక ఆమెకే వినిపించినట్టుంది తనేమందో. నోటి మీద చెయ్యి పెట్టుకుంది. అన్నయ్య అక్క వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు. నేను మాత్రం అక్కనే చూస్తున్నాను. నవ్వుతోందో ఏడుస్తోందో తెలీలేదు, రెండూ కలిసే వచ్చాయి. కొంగుతో ముఖం తుడుచుకుని, వదిన్ని పైనుంచి కిందికి చూసి, "చెయ్యి పొడవు పధ్నాలుగున్నర. కుడి చెయ్యి పావంగుళం ఎక్కువ. అవునా?" అంది.

"అవును వదినా" అంది మా వదిన చిన్నగా.

అక్క లేచింది. అంతకుముందు ఎలా లేచేదో అలా, కుర్చీ చేతులు పట్టుకోకుండా. తలంతా తడిసిపోయి వంటింటి గుమ్మంలో నిలబడ్డ వాషరాయన ఎదురుగా వెళ్లింది.

"ఆ రోజు ఇదే మాటన్నావా?"

"ఇదే మాటండీ."

"తాళం చూడగానే తెలిసిందా?"

"తెలిసిందండీ."

"ఎదురుగా కూర్చున్నావు. నేను రెండోసారి టేపు పట్టడం చూశావు. మిషను మీద దుప్పటి కప్పడం చూశావు. నేను పిచ్చిదాన్నైపోతున్నానని నాతో నేను చెప్పుకుంటుంటే, నా చేతి టీ తాగుతూ చూశావు." అక్క గొంతు పెంచలేదు. "మాట తప్పుగా అర్థమైతే అది తప్పు కాదయ్యా. నీదీ కాదు, నాదీ కాదు. తర్వాత రోజులన్నీ నీవే."

అతను తల వంచుకునే ఉన్నాడు. క్షమించండన్నాడో ఏమో, నాకు సరిగా వినపడలేదు. సంచిని భుజానికి తగిలించుకోబోయి ఆగి, దాన్ని మెల్లగా గచ్చు మీద పెట్టాడు.

"సంచి తీసుకెళ్లు" అంది అక్క. "అది నేను తెలివిలో ఉండి కుట్టింది."

అతను తీసుకున్నాడు. నాకప్పుడు అతని మీద జాలేసింది. అక్కా, పోనీలే అందామని నోటిదాకా వచ్చింది. కానీ ఆ రాత్రుళ్లు గడిపింది నేను కాదుగా. అతను మెట్లు దిగి, చెప్పులు వేసుకుని, వాకిట్లోకి నడిచాడు.

"వెళ్తూ గేటు వెయ్యి" అంది అక్క.

అతను ఆగిపోయాడు. అతనికిక ఆ మాట వింటే అడక్కుండా ఉండటం చేతకాదు.

"ఏ గేటండీ?"

"వీధి గేటు" అంది మా అక్క. "బయటి నుంచి."